రెండు గంటల పడవ

ఐనో లహ్తాలా షెడ్డు వెనక
పదకొండు కనూలు బోర్లా పడుకుని ఉన్నాయి,
రాత్రి వాన ఇంకా ఆరని వీపులతో.

నేను తిన్నగా ఎర్రదాని దగ్గరికే వెళ్లాను.
పద్దెనిమిది అడుగుల పొడుగు, రెండు సీట్లు,
నీళ్లని కోయడానికే పుట్టినట్టు ముక్కు.
"ఇదే," అన్నాను.

ఆయన ధర చెప్పలేదు.
కాఫీ ఫ్లాస్కు మూత బిగించి
"ఎత్తు," అన్నాడు.

నడుమ అడ్డంగా ఉన్న కొయ్య
రెండు భుజాల మీదా కూర్చుంది.
దాన్ని కాడి అంటారట. ఎందుకంటారో
పది అడుగుల్లోనే నా మెడకి అర్థమైంది.
గేటు దాకా వెళ్లి రమ్మన్నాడు.
ముప్పై ఒకటో అడుగు దగ్గర
లోపలి చీకట్లో నా ఊపిరి ఒక్కటే వినిపించింది,
దానితోపాటు ఒక దోమ.

"దీన్నేసుకుని ఎక్కడికి?"
"ఉత్తరాన, సరస్సుల వెంట. పది రోజులు.
ఒక్కదాన్నే."
"ఆఖరిసారి పది రోజులు ఎప్పుడు దొరికాయి, డెల్ఫీన్?"

నీళ్లు నమిలాను.
ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద
నైట్ డ్యూటీల పట్టిక,
ఆగస్టు చివరిదాకా నిండి.

"రెండు గంటలు," అన్నాను చివరికి.
"పొద్దున ఆసుపత్రి నుంచి దిగాక.
ఇంటి వెనక చిన్న సరస్సే.
కుక్క కూడా వస్తుంది, వస్తానంటే."

అప్పుడు లేచాడు. వేలి కణుపులతో
ఒక్కొక్క పడవనీ తట్టుకుంటూ నడిచాడు,
పుచ్చకాయల బేరంలో లాగా.
"దీనికి చదును అడుగు. ఎక్కగానే చెయ్యందిస్తుంది.
పక్కనించి అల వచ్చిందా, మొహం చాటేస్తుంది.
దీని అడుగు కాస్త గుండ్రం. మొదట బెదిరిస్తుంది.
ఒరుగుతుంది, ఇంకాస్త ఒరుగుతుంది,
అక్కడ ఆగుతుంది."
"ఏది మంచిది?"
"ఎవరికి?"

ఆయన మొదటిది కూడా రెండు సీట్లదేనట.
తమ్ముడు ఉర్హో కోసమని అప్పు చేసి కొన్నాడట.
ఉర్హోకి నీళ్లంటే భయమని
కొన్న మర్నాడు తెలిసిందట.
"ఇరవై రెండేళ్లు
ముందు సీట్లో రాళ్ల సంచి పెట్టుకుని తిరిగాను.
మంచి సంచి. ఎక్కువ మాట్లాడేది కాదు."

వరస చివర ఆకుపచ్చది, ఒంటి సీటుది, పద్నాలుగు అడుగులు.
కప్ప రంగు. కుడి పక్కన అరచేయంత అతుకు,
ఆ అతుకు మాత్రం వేరే పచ్చ.
ఒక్క ఊపులో భుజానికెక్కింది.

వాగులో దింపి, మోకాళ్లు ఎడంగా పెట్టి కూర్చోమన్నాడు.
"ఒరుగు."
ఒరిగాను.
"భయపడేదాకా ఒరుగు."
అంచు నీటిని తాకబోయింది,
నా నోట ఏదో తిట్టు వచ్చింది,
అప్పుడు పడవ
ఆగింది.
నా బరువంతా ఎక్కడో కింద
ఎవరో లెక్క పెట్టుకున్నట్టు.

నాలుగు వందల డాలర్లు. తెడ్డు ఊరికే.
మొద్దు మీద కూర్చోబెట్టి, నా ముక్కు దాకా కొలిచి,
పైన మిగిలింది రంపంతో కోసేశాడు.
కారు కప్పు మీద తాళ్లు బిగిస్తున్నప్పుడు
ఎర్రదాని వైపు చూశాను. అబద్ధమెందుకు,
మలుపు తిరిగేదాకా అద్దంలో కూడా చూశాను.

మర్నాడు ఏడున్నర. చేతులకి ఇంకా ఆసుపత్రి వాసన.
సార్జెంట్ ఒడ్డు దాకా వచ్చింది,
పడవని మూడు వైపులా మూసిచూసి
గడ్డిలో చతికిలబడింది.
పిలిచాను. బతిమాలాను. బిస్కెట్ చూపించాను.

ఒక్కదాన్నే బయల్దేరితే
గాలికి ముందు భాగం లేచి
పడవ తనకి తోచిన చోటికి తిరిగింది.
వెనక్కొచ్చి, ఒడ్డున ఒక రాయి వెతికి,
సుమారు కుక్కంత రాయి,
ముందు పెట్టాను.

ముక్కు దిగింది. తెడ్డు మాట విన్నది.
పొగమంచు ఇటూ అటూ జరిగి దారిచ్చింది.

వెనక ఒడ్డు మీద సార్జెంట్ లేచి నిలబడి
తన చోట్లో కూర్చున్న ఆ రాయిని చూసి
కనుమరుగయ్యేదాకా మొరుగుతూనే ఉంది.